డీజిల్ ఆటో స్థానంలో విద్యుత్ ఆటో: రుణానికి ముందు వేయవలసిన లెక్క

పెట్రోలు, డీజిల్ వాహనాల స్థానాన్ని విద్యుత్ వాహనాలు నిజంగా భర్తీ చేయగలవా అన్న చర్చ ఎక్కువగా కార్ల చుట్టూనే తిరుగుచున్నది. మన దేశంలో ఈ మార్పు మొదట కనబడినది కార్లలో కాదు, మూడు చక్రాల వాహనాలలో. 2024లో కొత్తగా అమ్ముడైన కార్లలో విద్యుత్ కార్లు నూటికి రెండు మూడుకు మించలేదు. అదే సంవత్సరంలో ఈ-రిక్షాలను కూడా కలుపుకొని చూచినచో, కొత్త మూడు చక్రాల వాహనాలలో సగానికి పైగా విద్యుత్ వాహనాలే. కావున మండల కేంద్రానికి కూరగాయలు, పాలు, ఎరువులు చేరవేసే సరుకుల ఆటోను ఉదాహరణగా తీసుకొని ఈ ప్రశ్నను పరిశీలించుట మన పాఠకులకు ఎక్కువ ఉపయోగకరము.

ముందుగా ఇంధనపు మాట. ఒక లీటరు డీజిల్‌లో సుమారు 10 యూనిట్ల శక్తి ఉన్నది. అందులో ఇంజను చక్రాలకు అందించేది మూడవ వంతు లోపే. మిగిలినదంతా వేడిగా, పొగగా పోతుంది. విద్యుత్ మోటారు తాను తీసుకొన్న శక్తిలో నూటికి 80 పాళ్లకు పైగా పనిగా మార్చగలదు. బండి నడిపే ఖర్చు తగ్గుటకు ప్రధాన కారణం ఇదే. మన విద్యుత్తులో అధిక భాగం ఇప్పటికీ బొగ్గు నుండే వచ్చుచున్నది గనుక విద్యుత్ బండికి అసలు పొగ లేదనుట సరికాదు. పొగ ఊరి నుండి థర్మల్ కేంద్రానికి మారినది, కొంత తగ్గినది అనుట సబబు.

ఇప్పుడు లెక్కకు వద్దాము. ఈ ధరలు ఉదాహరణకు మాత్రమే. ఎవరి ఊరి ధరలు వారు వేసుకొనవచ్చును. సరుకుతో నడిచే డీజిల్ ఆటో లీటరుకు 25 కిలోమీటర్లు ఇస్తుందనుకొందాము. రోజుకు 80 కిలోమీటర్లకు 3.2 లీటర్లు, లీటరు 95 రూపాయల చొప్పున 304 రూపాయలు. అదే దూరానికి విద్యుత్ ఆటోకు, ఛార్జరులో పోయే నష్టంతో కలిపి, సుమారు ఏడున్నర యూనిట్లు కావాలి. యూనిటు 8 రూపాయలైతే 60 రూపాయలు. రోజుకు మిగులు 244 రూపాయలు. నెలకు 25 పనిదినాలకు 6,100 రూపాయలు.

ఈ అంకెను చూచి వెంటనే సంతకం చేయుట తగదు. విద్యుత్ ఆటో ధర డీజిల్ ఆటో కంటె లక్ష రూపాయలు ఎక్కువైనదనుకొందాము. ఆ లక్షకు సాలీనా 12 శాతం వడ్డీపై నాలుగు సంవత్సరాల గడువుకు నెలవారీ వాయిదా 2,633 రూపాయలు. రోజుకు 80 కిలోమీటర్లు తిరిగే వ్యక్తికి ఇది భారం కాదు. కాని రోజుకు 30 కిలోమీటర్లే తిరిగే వ్యక్తికి నెల మిగులు 2,300 రూపాయల లోపే. అదనపు వాయిదాకైనా అది చాలదు. ఈ లెక్కలో రోజుకు సుమారు 35 కిలోమీటర్లు తిరిగితేనే అదనపు వాయిదా గిట్టుబాటవుతుంది. మున్ముందు కొత్త బ్యాటరీ కొనుటకు నెలకు 1,500 రూపాయలు ప్రక్కన పెట్టదలచితే ఆ హద్దు 55 కిలోమీటర్లకు చేరుతుంది. (ప్రక్కన పెట్టుట అనగా రికరింగ్ డిపాజిట్‌లో వేయుట. గల్లాపెట్టెలో ఉంచిన సొమ్ము బ్యాటరీ కొరకు మిగిలిన సందర్భాలు అరుదు.)

పై హద్దు కూడా ఒకటి ఉన్నది. కరపత్రంలో ఒకసారి ఛార్జింగుకు 120 కిలోమీటర్లని ఉంటే, అది పరీక్షా పరిస్థితులలో వచ్చిన అంకె. నిండు బరువు, గుంతల రోడ్డు, ఎదురెక్కుడు కలిసినపుడు అందులో 70 శాతం, అనగా 84 కిలోమీటర్లు మాత్రమే నమ్మదగినది. నాలుగైదు సంవత్సరాల వాడకం తరువాత బ్యాటరీ సామర్థ్యం 80 శాతానికి తగ్గినచో అది 67 కిలోమీటర్లవుతుంది. రుణపు చివరి వాయిదాలు చెల్లించవలసినది ఆ కాలంలోనే. కాబట్టి రోజుకు 55 నుండి 65 కిలోమీటర్ల మధ్య, తెలిసిన దారిలో తిరిగి, రాత్రికి ఇంటికి చేరే బండికి ఈ మార్పు చక్కగా సరిపోతుంది. అంతకు మించి తిరిగేవారికి మధ్యాహ్నం సరుకు దించే చోట రెండు గంటలు ఛార్జింగు దొరకాలి. ఏ రోజు ఎంత దూరం కిరాయి వస్తుందో తెలియని బండికి డీజిలే మేలు. దరఖాస్తుకు ముందు ఒక నెల పాటు రోజువారీ మీటరు రీడింగు పుస్తకంలో వ్రాసి తెచ్చినచో క్షేత్రాధికారికి అంతకు మించిన ఆధారం అక్కరలేదు.

బ్యాటరీ రకమును అడిగి తెలుసుకొనవలెను. చవకగా దొరికే అనేక ఈ-రిక్షాలలో సీసపు బ్యాటరీలు ఉంటాయి. రోజూ వాడితే అవి ఏడాది, ఏడాదిన్నరకే మార్చవలసి వస్తుంది. మూడు సంవత్సరాల రుణ కాలంలో రెండు మార్లు బ్యాటరీల ఖర్చు అని అర్థం. లిథియం బ్యాటరీ ధర ఎక్కువ, ఆయుష్షు ఎక్కువ. అయితే మన ఎండాకాలపు 45 డిగ్రీల వేడి దానికి హితం కాదు. 2022లో పలు చోట్ల విద్యుత్ స్కూటర్లు అంటుకొన్న తరువాత బ్యాటరీ భద్రతా ప్రమాణాన్ని కఠినతరం చేసినారు. ఏ.ఐ.ఎస్. 156 అనే ఆ ప్రమాణపు సవరణలు 2022 డిసెంబరు నుండి, 2023 మార్చి చివరి నుండి రెండు దశలుగా అమలులోకి వచ్చినవి. బండిని ఎండ నుండి తెచ్చిన వెంటనే ఛార్జింగుకు పెట్టక, కొంతసేపు నీడలో చల్లారనిచ్చుట మంచిది.

పొరుగు దేశపు అనుభవం ఒకటి ఇక్కడ ప్రస్తావించదగినది. నేపాల్ రాజధాని ఖాట్మండులో 1993లోనే డీజిల్ టెంపోను విద్యుత్ బండిగా మార్చే ప్రయోగం జరిగినది. పొగ భరించలేక 1999లో డీజిల్ టెంపోలను ఆ లోయ నుండి తొలగించగా, ‘సఫా టెంపో’ పేరుతో సుమారు 600 విద్యుత్ టెంపోలు తిరిగినవి. వాటిని నడిపినవారిలో స్త్రీలు అధికం. నిర్ణీత మార్గం, కొద్ది దూరం, దారిలో బ్యాటరీలు మార్చే కేంద్రాలు ఉండుట వల్లనే అవి నడిచినవి. వాటి యజమానులను క్రుంగదీసినది కూడా సీసపు బ్యాటరీల ఖర్చే. జలవిద్యుత్తు గల ఆ దేశంలో 2024 నాటికి కొత్త కార్లలో సగానికి పైగా విద్యుత్ కార్లే అయినవి. దిగుమతి సుంకంలో ఇచ్చిన తేడా అందుకు ముఖ్య కారణం.

ఇక ట్రాక్టరు. గంటకు 4 లీటర్ల చొప్పున ఎనిమిది గంటలు దున్నుటకు 32 లీటర్ల డీజిల్, అనగా 27 కిలోల బరువు కావాలి. అదే పనికి సుమారు 110 యూనిట్ల బ్యాటరీ కావాలి. దాని బరువు దాదాపు ఎనిమిది క్వింటాళ్లు. ఇంటి సాకెట్టు నుండి దానిని నింపుటకు ఒకటిన్నర రోజు పడుతుంది. దుక్కి అదనులో అంత వ్యవధి ఎవరికీ ఉండదు. తోటలలో కొద్ది గంటలు పనిచేసే చిన్న ట్రాక్టరు సంగతి వేరు. వరికోత యంత్రము, దూరప్రాంతాల లారీ విషయంలోనూ ఇప్పటికి డీజిల్‌దే పైచేయి.

డీలర్లకు రెండు మాటలు. రాయితీని చూపి అమ్మకం చేయుట క్షేమం కాదు. 2024 అక్టోబరులో ఆరంభమైన పి.ఎం. ఈ-డ్రైవ్ పథకంలో మొదట బ్యాటరీ యూనిటుకు 5,000 రూపాయలున్న రాయితీని తదుపరి సంవత్సరానికి 2,500గా నిర్ణయించినారు. విద్యుత్ వాహనాలపై జి.ఎస్.టి. 5 శాతమే అయినను, 2025 సెప్టెంబరులో డీజిల్ ఆటోలపై పన్ను 28 నుండి 18 శాతానికి తగ్గి, ఆ మేరకు తేడా కుదించుకుపోయినది. 2020 నుండి బ్యాటరీ లేకుండా బండిని విడిగా అమ్ముటకు అనుమతి ఉన్నది. అట్టి సందర్భంలో బ్యాటరీ అద్దెను కొనుగోలుదారునకు ముందే వ్రాతపూర్వకముగా తెలుపవలెను. బ్యాంకుకు ఇచ్చే కొటేషన్‌లోను, ఇన్వాయిస్‌లోను బ్యాటరీ రకం, సామర్థ్యం, క్రమసంఖ్య, వారంటీ కాలం ఉండాలి. విద్యుత్ బండి హామీ విలువలో సింహభాగం ఆ బ్యాటరీయే. వారంటీ రుణ గడువు కంటె ముందే ముగిసే పక్షంలో గడువు తగ్గించుకొనుట ఉభయులకు మంచిది.

ఛార్జింగు విషయంలో ఒక హెచ్చరిక. వ్యవసాయ మోటారుకు ఇచ్చిన ఉచిత కరెంటుతో ఆటోను ఛార్జి చేసినచో, 2003 విద్యుత్ చట్టంలోని 126వ సెక్షను క్రింద అనధికార వినియోగంగా లెక్కకట్టి సొమ్ము వసూలు చేస్తారు. కావున ఖర్చు లెక్కలో ఇంటి కనెక్షను ధరనే వేయవలెను. దానికి 16 ఆంపియర్ల సాకెట్టు, సరియైన ఎర్తింగు, అవసరమైతే అదనపు లోడు మంజూరు ఉన్నట్లు లైన్‌మన్‌చే చూపించుకొని, ఆ ఖర్చును కూడా బండి అంచనాలో చేర్చి దరఖాస్తు ఇవ్వవచ్చును.