తాళం వేసిన పుప్పొడి

తంగేడు పువ్వులో తేనె ఉండదు. వచ్చిన పురుగుకు అది పెట్టేదల్లా పుప్పొడే, అదీ బయటికి కనపడనివ్వదు. పది కేసరాల్లో మూడు వట్టివి. మిగతా వాటి పరాగకోశాలకు గట్టి గోడలు, కొసన మాత్రం సన్నని రంధ్రం. గోడను గీకితే ఏమీ రాలదు. నల్లని పెద్ద తుమ్మెద వచ్చి కేసరాలను కాళ్లతో వాటేసుకుంటుంది. రెక్కలు కదపకుండా, రెక్కలాడించే ఛాతీ కండరాలను మాత్రం సెకనుకు వందల సార్లు అదరగొడుతుంది. ఆ అదురుకు పుప్పొడి రంధ్రంలోంచి చిమ్మి దాని పొట్ట మీద పడుతుంది. మామూలు తేనెటీగకు ఈ విద్య రాదు. రాలినది ఏరుకుని వెళ్తుంది.

ఈ తాళం సంగతి తెలియాలంటే ముందు తాళం లేని పరాగకోశాన్ని చూడాలి. ఉమ్మెత్త మొగ్గలో దాన్ని అడ్డంగా కోసి మైక్రోస్కోపు కింద పెడితే రెండేసి చొప్పున నాలుగు గదులు కనిపిస్తాయి. గది లోపలి అంచున టపీటం అనే పొర ఉంటుంది. ఎదిగే పుప్పొడికి తిండి పెట్టి, దాని పెంకుకు కావలసిన సరుకు అందించి, చివరికి అది తానే కరిగిపోతుంది. పై చర్మానికి సరిగ్గా కింద ఉండేది ఎండోథీసియం. అసలు యంత్రం ఇదే. దీని కణాల పక్కగోడలకూ లోపలి గోడకూ నారల్లాంటి పట్టీలుంటాయి, బయటి గోడ పల్చన. నీరు ఆరేకొద్దీ పల్చని వైపు ముడుచుకుంటుంది, పట్టీలున్న వైపు ముడుచుకోలేదు. దాంతో ఎండలో పెట్టిన అప్పడం అంచులు లేచినట్టు గోడ వెలుపలికి వంగుతుంది. జంటగదుల మధ్య అడ్డుగోడ అప్పటికే తెగి ఉంటుంది. బయట స్టోమియం అనే బలహీనమైన గీత వెంట కోశం నిలువునా చీలుతుంది. మోటారు లేదు, కండరం లేదు, ఉన్నది ఆరడం ఒక్కటే.

ఆ ఆరడం కూడా వేళకే జరగాలి. ఆ కబురు మోసే వాటిలో ఒకటి జాస్మోనిక్ ఆమ్లం. దాని దగ్గరి బంధువును 1962లో జాజిపూల తైలంలో కనుక్కున్నారు. ఈ ఆమ్లాన్ని తయారు చేసుకోలేని అరబిడాప్సిస్ మొక్కల్లో పుప్పొడి ఉన్నా, పరాగకోశం వేళకు తెరుచుకోదు.

పుప్పొడి లేనిదే గింజ లేదని 1694లో జర్మనీలోని ట్యూబింగెన్‌లో కామెరారియస్ తేల్చాడు. ఆముదపు మొక్కల మగపూలను విచ్చకముందే గిల్లేస్తే గింజ కట్టలేదు. కానీ ఈ కథలో నాకు నచ్చే మనిషి పుర్కిన్యే. మెదడు కణాలకూ గుండె నారలకూ ఆయన పేరే ఉందని వైద్య విద్యార్థులకు తెలుసు. ఆ శరీరశాస్త్ర ఆచార్యుడే 1830లో బ్రెస్లావ్‌లో ఉండగా పరాగకోశాల నారకణాల మీద, పుప్పొడి రూపాల మీద ఒక గ్రంథం వేశాడు. పువ్వులో కదలిక కనిపిస్తే అది ఎలా కదులుతుందో చూడకుండా ఉండలేకపోయాడేమో!

పరిణామం నాలుగు గదుల నక్షాను పెద్దగా ముట్టుకోలేదు. మిగతా పూల మొక్కలన్నిటి నుంచీ మొట్టమొదట విడిపోయిన శాఖకు చెందిన న్యూ కాలెడోనియా పొద ఆంబొరెల్లాలోనూ అవే నాలుగు గదులు. మందార, బెండ, పత్తి సగం కోశంతో సరిపెట్టుకున్నాయి, అంతే. మార్పులన్నీ తలుపు దగ్గరే జరిగాయి. దాల్చినచెక్క చెట్టు పువ్వులో కోశానికి చీలిక ఉండదు, చిన్న రెప్పలు పైకి లేస్తాయి. కొసన రంధ్రం పెట్టుకున్న జాతులు 20,000కు పైనే. అవి ఒకే పూర్వీకుడి సంతానం కావు, ఎన్నో కుటుంబాల్లో విడివిడిగా పుట్టాయి. కారణం పిసినారితనమే అనుకోవచ్చు. తేనెటీగలు పుప్పొడిని పిల్లలకు తిండిగా మోసుకుపోతాయి. కోశం మొత్తం చీలితే మొదట వచ్చినదే ఊడ్చుకుపోతుంది. రంధ్రం ఉంటే వచ్చిన ప్రతిదానికీ కొంచెమే దొరుకుతుంది, దాంతో ఆ పుప్పొడి ఎన్నో పూలకు చేరుతుంది.

వంగలో నారపట్టీలు కొసన రంధ్రం దగ్గరే మిగిలాయి. దాని చుట్టమైన టమాటా ఇంకో దారి పట్టింది. దాని కోశాలు నిలువునా చీలతాయి, కానీ లోపలి వైపుకు. అంచున ఉన్న వెంట్రుకలు ఒకదానితో ఒకటి పెనవేసుకోవడంతో కోశాలన్నీ కలిసి ఒక గొట్టంగా నిలుస్తాయి. పుప్పొడి ఆ గొట్టం కొస నుంచే రావాలి. రంధ్రం లేకుండానే రంధ్రం పని జరిగిపోయింది. నాకైతే వంగ కన్నా ఇదే తెలివైన ఏర్పాటు అనిపిస్తుంది.

ఆరుబయట టమాటాకు గాలి ఊపే చాలావరకు సరిపోతుంది. గాజు ఇళ్లలో గాలి లేదు కాబట్టి ఐరోపా రైతులు మనుషులను పెట్టి, కరెంటుతో అదిరే కడ్డీలతో పూగుత్తులను తట్టించేవారు. 1980లలో బెల్జియం పశువైద్యుడు రోలాండ్ డి యోంగె ఆ పనికి బంబుల్ బీలు పనికొస్తాయని గమనించి వాటి పెంపకం మొదలుపెట్టాడు. అవి చలిప్రాంతపు జీవులు, మన దేశంలో హిమాలయాల వైపు ఉంటాయి. మన వంగతోటల్లో ఆ పని చేసేవి తుమ్మెదలూ నీలిచారల తేనెటీగలూ. పొద్దుటిపూట, అవి పూల మీద ఉండగానే, కాయతొలిచే పురుగుకు మందు కొట్టే తోటలో వాటికి మిగిలేది తక్కువ. పాలీహౌస్‌లో అవీ ఉండవు. అక్కడ చేతి వైబ్రేటర్ దొరకకపోతే, బ్యాటరీ టూత్‌బ్రష్ వీపును పూకాడకు తాకించినా పుప్పొడి రాలుతుంది.