దియోదర్ ఉల్క ఎందుకంత అరుదు?

2022 ఆగస్టు 17 సాయంత్రం ఉత్తర గుజరాత్‌లోని దియోదర్‌లో ఆకాశం నుంచి ఓ రాయి వేపచెట్టుపై పడి ముక్కలైంది. గ్రామస్థులు ఏరిన ముక్కలను అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ శాస్త్రవేత్తలు పరీక్షించి, అది ‘ఆబ్రైట్’ అని తేల్చారు. 1852లో ఉత్తరప్రదేశ్‌లోని బస్తీలో పడిన ఉల్క తర్వాత దేశంలో దొరికిన ఆబ్రైట్ ఇదే.

భూమికి చేరే రాతి ఉల్కల్లో అత్యధికం కాండ్రైట్లు. వాటిలో సాధారణంగా ఆవగింజంత గుండ్రటి రేణువులు, అంటే కాండ్రూల్స్ ఉంటాయి. ఆబ్రైట్‌లో అవి కనిపించవు. మాతృ గ్రహశకలం ఒకప్పుడు కరిగిపోవడమే అందుకు కారణం.

దియోదర్ రాయిలో దాదాపు 90 శాతం ఆర్థోపైరాక్సీన్ ఖనిజమే. ఆబ్రైట్లలో ఇది ఎన్‌స్టటైట్ రూపంలో ఉంటుంది. అందులో మెగ్నీషియం, సిలికాన్, ఆక్సిజన్ తప్ప ఇనుము దాదాపు ఉండదు. ఆక్సిజన్ కొరత ఉన్నచోట ఇనుము లోహంగా మిగిలిపోతుంది, లేదా గంధకంతో కలుస్తుంది. బస్తీ ఉల్కలో తొలిసారి గుర్తించిన ఓల్డ్‌హమైట్‌లోనైతే కాల్షియం సైతం గంధకంతోనే జతకట్టింది.

ఓల్డ్‌హమైట్ వంటి ఖనిజాలు తేమకు నిలవవు. వానాకాలంలో పడిన ఆబ్రైట్‌ను అలాగే వదిలేస్తే దాని పుట్టుక చెప్పే ఆధారాలు కొన్ని చెరిగిపోతాయి. అందుకే ముక్కలను కడగకుండా, పొడిగా దాచి, వెంటనే శాస్త్రవేత్తలకు అప్పగించాలి.