కబాబు లోపల ఎంత వేడి?

క్రిందటి బక్రీదు తర్వాతి శుక్రవారం జుమా నమాజు ముగిసి మేము మసీదు మెట్లు దిగుతుండగా ఒక యువకుడు దగ్గరికి వచ్చి సలాం చేశాడు. "మౌల్వీ సాబ్, మిద్దె మీద సిగ్డి పెట్టి సీఖ్ కబాబులు కాల్చాము. విరిచి చూస్తే లోపల గులాబీ రంగు, కాస్త ఎర్రటి నీరు. అది రక్తం, హరామ్ అని మా నానీ పళ్ళెం పక్కకు నెట్టేసింది. మీరేమంటారు?" అని అడిగాడు.

ఇందులో ఒకటి కాదు, రెండు ప్రశ్నలున్నాయి. మొదటిది ధర్మశాస్త్రానికి చెందినది. దివ్య ఖుర్ఆన్‌లోని అన్ఆమ్ సూరా 145వ ఆయతు నిషేధించినది ప్రవహించే రక్తాన్ని. అల్లాహ్ పేరుతో సక్రమంగా జబహ్ చేసి, రక్తం ధారగా కారిపోయిన తర్వాత కండలో మిగిలే తడిని ధర్మవేత్తలు హరామ్‌గా లెక్కించలేదు. పైగా ఆ ఎర్రటి నీటికి రంగునిచ్చేది చాలావరకు రక్తం కాదు, కండరాల్లో ఉండే మయోగ్లోబిన్ అనే పదార్థం. కనుక నానీగారు ఆ విషయంలో నిశ్చింతగా ఉండవచ్చు.

రెండవ ప్రశ్న, ఆ కబాబు లోపల సరిగా కాలిందా లేదా అన్నది. దీనికి ఏ దారుల్ ఇఫ్తాకు వెళ్ళినా జవాబు దొరకదు. బఖరా సూరా 168వ ఆయతులో హలాల్ అన్న మాటతో పాటు తయ్యిబ్ అన్న మాట కూడా ఉంది. మనవాళ్ళు మొదటి మాటను పట్టుకున్నంత గట్టిగా రెండవదాన్ని పట్టుకోరు. ఖసాబు ఎవరు, కత్తి ఎవరిది, బిస్మిల్లా అన్నాడా లేదా అని వంద ఆరాలు తీసే మనం, ఇంటికొచ్చాక ఆ మాంసాన్ని ఎంతసేపు ఎండలో ఉంచాం, లోపలిదాకా కాల్చామా లేదా అన్నది పట్టించుకోము. మేమూ పట్టించుకోనివారిమే. ఆ సంగతి కూడా చెప్పాలి.

2023 జూన్ నెలాఖరులో వచ్చిన బక్రీదునాడు మా మిద్దె మీద పాతిక మందికి కబాబులు కాల్చాము. అంతకుముందే జిద్దా నుంచి వచ్చిన మా అల్లుడు మాంసం వేడి చూసే థర్మామీటరు ఒకటి తెచ్చి ఇచ్చాడు. గుండ్రటి గడియారం లాంటి ముఖం, దాని కింద జానెడు ఊచ. మేము దాన్ని కబాబుకు అడ్డంగా గుచ్చి చూశాము. ముల్లు 75 దాటింది. కాలిందన్న ధీమాతో అందరికీ వడ్డించాము. మర్నాడు రాత్రి మా నాలుగేళ్ళ మనవరాలికి జ్వరం, నీళ్ళ విరేచనాలు. మూడు రోజులు ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు. చేతికి సూది గుచ్చినప్పుడు అది "నానా" అని మమ్మల్నే పిలిచింది. ఇంకో ముగ్గురు చుట్టాలకూ అలాగే అయిందని తర్వాత తెలిసింది. కబాబుల వల్లనే అని నిరూపించలేము. కాదని మా మనసుకు చెప్పుకోలేము కూడా.

థర్మామీటరు చెడిపోయి ఉంటుందని దాన్ని పారేయబోయాము. సైన్సు టీచరుగా పనిచేస్తున్న మా పెద్దబ్బాయి ఆపి, "అబ్బా, పరీక్షించకుండా శిక్ష వేస్తారా?" అన్నాడు. గ్లాసు నిండా దంచిన మంచు, అందులో కొంచెం నీళ్ళు పోసి కలిపి, ఊచ ముంచాడు. ముల్లు సున్నా దగ్గర నిలబడింది. తెర్లుతున్న నీళ్ళలో పెడితే 99 చూపింది. మా ఊరు సముద్రమట్టానికి ఎత్తులో ఉంది గనుక అది సరైన లెక్కే అన్నాడు. అంటే ఆ పరికరం అబద్ధం చెప్పలేదు. మేము దాన్ని అడగరాని చోట అడిగాము.

ఇదెలాగో వివరంగా చెబుతాము, ఎందుకంటే బజారులో చవకగా దొరికే వాటిలో ఈ రకం చాలా ఉంటుంది. ముల్లు ఉండే థర్మామీటరు ఊచలో రెండు లోహాలను అతికించి చుట్టిన తీగ ఉంటుంది. వేడికి ఆ లోహాలు వేర్వేరుగా వ్యాకోచించి ముల్లును తిప్పుతాయి. ఆ తీగ ఊచ కొనలో మాత్రమే ఉండదు. కొన నుంచి పైకి రెండు, రెండున్నర అంగుళాల మేర ఉంటుంది. ఆ భాగమంతటి సగటు వేడినే ముల్లు చూపుతుంది. సీఖ్ కబాబు మందం ఎంత? అంగుళం. దానికి అడ్డంగా గుచ్చితే సగానికి పైగా ఊచ బయట, నిప్పుల సెగలో ఉంటుంది. మేము చూసిన 75లో కబాబు వేడి ఎంతో, బొగ్గుల వేడి ఎంతో అల్లాహ్‌కే ఎరుక. పెద్ద రాన్‌కు, లావుపాటి మాంసం ముద్దకు అది పనికివస్తుంది. దానికైనా పదిహేను, ఇరవై సెకన్లు ఆగాలి. కబాబుకు, బోటీకి, టంగ్డీకి పనికిరాదు.

చిన్న ముక్కలకు కావలసింది అంకెలు చూపే డిజిటల్ రకం. ఇందులోనూ రెండు తరగతులున్నాయి. థర్మిస్టర్ అనే చిన్న పూస కొనలో ఉండేది ఒకటి. ఇది దాదాపు పది సెకన్లలో అంకె చూపుతుంది, కొన అర అంగుళం లోపలికి వెళితే చాలు. సామాన్య కుటుంబానికి ఇది సరిపోతుంది. రెండవది థర్మోకపుల్. రెండు సన్నని తీగల అతుకు కొన చివర ఉంటుంది కనుక రెండు నుంచి ఐదు సెకన్లలో చెప్పేస్తుంది, పావు అంగుళం దిగినా చాలు. అమెరికాలో ఉన్న మా మేనల్లుడు థర్మాపెన్ అనే ఈ రకం పరికరాన్ని తెగ పొగుడుతాడు. మంచిదే, కాని దాని ఖరీదుకు ఇక్కడ ఒక పొట్టేలులో కొంత వాటా వస్తుంది. దావతులకు వంట చేసే బావర్చీలు కొనుక్కుంటే అర్థముంది.

నుదుటి జ్వరం చూసే తుపాకీ లాంటి యంత్రాలు 2020లో కరోనా వచ్చినప్పుడు చాలా ఇళ్ళలోకి వచ్చాయి. ఒకాయన దాన్ని కబాబు మీద గురిపెట్టడం మేము కళ్ళారా చూశాము. అది మనిషి ఒంటి వేడికే తయారైనది. వంటకు అమ్మే లేజరు తుపాకీ అయినా పైచర్మం వేడినే చూపుతుంది, లోపలిది దానికి తెలియదు. ఇక జ్వరానికి వాడే గాజు థర్మామీటరును మాంసంలో పెట్టాలన్న ఆలోచన కూడా వద్దు. అది 42 డిగ్రీలతో ఆగిపోతుంది, పగిలితే పాదరసం, గాజు రెండూ దస్తర్ఖాన్ మీదకు వస్తాయి.

ఇంతకీ ఎంత వేడి రావాలి? ఖీమాతో చేసిన ఏ కబాబుకైనా లోపల 71 డిగ్రీలు. కోడికి, కోడి ఖీమాకు కూడా, 74. మేక, పొట్టేలు, ఎద్దు మాంసం విడదీయని పెద్ద ముక్కకు 63 చేరి, దించాక మూడు నిమిషాలు ఆగితే చాలని అమెరికా వ్యవసాయ శాఖ లెక్క. ఖీమాకు, ముక్కకు ఈ తేడా ఎందుకని చాలామంది అడుగుతారు. సూక్ష్మజీవులు సాధారణంగా మాంసం పైభాగాన ఉంటాయి. ముక్కను కాలిస్తే పైన ఉన్నవి ముందే చస్తాయి. ఖీమా చేసినప్పుడు పైనున్నది లోపలికి, లోపలున్నది పైకి కలిసిపోతుంది. ఖసాబు అంగడిలో ఆ యంత్రం అంతకుముందు ఎవరి మాంసం నమిలిందో కూడా కలుస్తుంది. మన ఇళ్ళలో మసాలా దిగడానికి రాన్‌ను ఫోర్కుతో అంతటా పొడుస్తారు కదా, అలా పొడిచిన రాన్‌ను మేము ఖీమా లెక్కలోనే వేసి 71 దాకా ఉంచుతాము. నిండు గర్భిణి ఇంట్లో ఉంటే ఇంకా జాగ్రత్త అవసరం. సరిగా ఉడకని మేక, గొర్రె మాంసం ద్వారా టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి చేరి కడుపులోని బిడ్డకు కీడు చేయగలదు.

1993లో అమెరికా పడమటి రాష్ట్రాలలో ఒకే కంపెనీ దుకాణాల్లో సరిగా కాలని ఖీమా రొట్టెలు తిని ఏడు వందల మందికి పైగా జబ్బుపడ్డారు. నలుగురు పసిపిల్లలు చనిపోయారు. ఆ తర్వాత అక్కడ మాంసం వేడి గురించిన నియమాలు మరింత కఠినమయ్యాయి.

"మా అమ్మ వేలితో నొక్కి చెప్పేది, ఆమెకు థర్మామీటరు ఎందుకు?" అని మా బేగం వాదించింది. వేలికి విలువ లేదని మేమనము. కాని మన కబాబుల్లో పచ్చి బొప్పాయి ముద్ద పడుతుంది. బొప్పాయి పచ్చి మాంసాన్నే మెత్తగా చేస్తుంది, ఇక వేలు ఏం చెబుతుంది? ఎర్ర కారం, పసుపు, వేయించిన శనగపిండి కలిశాక లోపలి రంగు చూసి ఏం తెలుస్తుంది? ఖీమా కొన్నిసార్లు సరైన వేడి రాకముందే గోధుమరంగుకు మారుతుంది, కొన్నిసార్లు పూర్తిగా కాలినా గులాబీగానే ఉంటుంది. ఆ యువకుడి కబాబు కాలిందో లేదో మేము చెప్పలేకపోవడానికి కారణం అదే. మరో సంగతి, భయంతో అతిగా కాల్చేవాళ్ళ కబాబు చెప్పు తోలులా ఉంటుంది. కోడి బోటీని 74 చూసి దించిన రోజున మా బేగం రెండవ ముక్క అడిగి తీసుకుంది. వాదన అక్కడితో ఆగింది.

కొనేటప్పుడు పెట్టె మీద రాసినది చదవండి. తేడా ఒక డిగ్రీకి మించదని రాసి ఉండాలి. సూది కొన సన్నగా ఉండాలి, లేకపోతే గుచ్చిన ప్రతిచోటా రసం కారుతుంది. నీళ్ళు తగిలినా చెడనిది కావాలి, దాన్ని కడగాలి కనుక. సెంటీగ్రేడు, ఫారెన్‌హీట్ మార్చే మీట ఎక్కడుందో ముందే చూసుకోండి. విదేశాల నుంచి వచ్చేవి కొన్ని ఫారెన్‌హీట్‌లో తెరుచుకుంటాయి. 71 బదులు 160 చూసి ఒక మిత్రుడు పరికరం పాడైందని కంగారుపడ్డాడు. అవి రెండూ ఒకటే వేడి. బ్యాటరీ మీ వీధి దుకాణంలో దొరికేదేనా అన్నది కూడా చూడండి.

పెట్టె మీది మాటను మాత్రం గుడ్డిగా నమ్మవద్దు. తూకం, కొలతల్లో మోసం చేసేవారి గురించి ముతఫ్ఫిఫీన్ అని ఒక సూరాయే ఉంది. వేడిని కొలిచేదీ ఒక తరాజే కదా. మేము అంగడిలో మొదట కొన్న డిజిటల్ పరికరం మంచులో సున్నా చూపింది, తెర్లే నీళ్ళలో 105 చూపింది. మంచు పరీక్ష ఒక్కటే చేసి ఉంటే మోసపోయేవాళ్ళం. తిరిగి ఇస్తే దుకాణదారుడు నసిగాడు కాని మార్చి ఇచ్చాడు. రెండవది 99 చూపింది. మంచు నీళ్ళను బాగా కలిపి, మూడు నిమిషాలు ఆగి, సూది గ్లాసు గోడలకు, అడుగుకు తగలకుండా పట్టుకోవాలి. తెర్లే నీళ్ళ విషయంలో ఊరి ఎత్తు గుర్తుంచుకోవాలి. మచిలీపట్నంలో, నెల్లూరులో 100 రావాలి. హైదరాబాదు అయిదు వందల మీటర్లకు పైన ఉంది కనుక అక్కడ 98 వస్తే అదే సరైనది. హైదరాబాదులో 100 చూపిందని సంతోషించేవాడి పరికరం రెండు డిగ్రీలు ఎక్కువ చెబుతోందన్నమాట.

వాడే పద్ధతి తేలికే. సీఖ్ కబాబుకు అడ్డంగా గుచ్చకుండా, చివరి నుంచి పొడవునా, ఇనుప చువ్వకు తగలకుండా మాంసం మధ్యలోకి దించాలి. చువ్వ తగిలితే చువ్వ వేడే కనిపిస్తుంది. టంగ్డీలో, రాన్‌లో ఎముకకు దూరంగా, అన్నిటికంటే లావైన చోట గుచ్చాలి. అంకె కదలడం ఆగాక చదవాలి. సిగ్డి మధ్యలో ఉన్న ఒక్క కబాబు చూసి చాలించక, అంచున సెగ తక్కువున్న దాన్ని కూడా చూడాలి. చూడగానే తీసేయాలి, దాన్ని మాంసంలోనే వదిలి నిప్పుల మీద ఉంచితే ప్లాస్టిక్ కరిగిపోతుంది. అర్ధపచ్చిగా ఉన్న దానిలో గుచ్చిన సూదిని సబ్బుతో కడగకుండా కాలిన దానిలో గుచ్చితే చేసినదంతా వృథా.

పత్థర్ కా గోష్త్‌కు ఈ పరికరంతో పనిలేదు. ఆ రేకులు అంత పలుచన, సూది నిలబడేందుకు చోటే ఉండదు. రాయి బాగా కాగి ఉంటే, రెండు వైపులా తిప్పి కాలిస్తే సరిపోతుంది. గంటల తరబడి ఉడికే హలీముకూ అక్కరలేదు. దమ్ బిర్యానీ డేగ్‌షాలో అడుగుదాకా సూది దించి చూడాలని మా అబ్బాయి ఉబలాటపడతాడు. మూత తీస్తే దమ్ పోతుందని బేగం దగ్గరికి రానివ్వదు. ఆ తగవులో మేము తలదూర్చడం లేదు.

థర్మామీటరు చేయలేని పని ఒకటుంది. ఖుర్బానీ మాంసం పొద్దున కోసి, పంచి, మధ్యాహ్నం దాకా తట్టల్లో ఉంచుతాము. బయటి వేడి 32 డిగ్రీలు దాటితే గంటకు మించి అలా ఉంచకూడదు. కొన్ని సూక్ష్మజీవులు వదిలిన విషం తర్వాత ఎంత కాల్చినా పోదు. మిద్దె మీద కాల్చిన కబాబులకూ ఇదే గంట లెక్క. ఈసారి మాంసం ఇంటికి రాగానే వాటాలు వేసి, పేదల వాటా ముందు పంపించి, మాది మంచుపెట్టెలో పెట్టాము. అసర్ నమాజు తర్వాతే బయటికి తీశాము. మనవరాలు సిగ్డికి కొంచెం దూరంగా పీట వేసుకుని కూర్చుని, మేము సూది గుచ్చినప్పుడల్లా అంకెలు గట్టిగా చదివింది. దానికి డెబ్బయి ఒకటి రాకముందే ఆకలివేసింది, అయినా ఆగింది.