ముక్కు పట్టుకోండి... పది నిమిషాలు!

పిల్లాడి ముక్కులోంచి రక్తం కారడం కనబడితే చాలు, ఇంట్లో నలుగురూ నాలుగు మాటలంటారు. ‘తల వెనక్కి వాల్చరా’ అని నాన్న, ‘ముందు పడుకోబెట్టండి’ అని పక్కింటావిడ. నెత్తిన చెంబుడు చన్నీళ్లు పోసేవాళ్లొకరు, ఉల్లిపాయ చితక్కొట్టి వాసన చూపించేవాళ్లొకరు. ఇంత హడావుడిలోనూ చేయాల్సిన పని మాత్రం ఎవరూ చేయరు. ముక్కు నొక్కి పట్టుకోరు!

ఎలా పట్టుకోవాలంటే- పిల్లల్ని కూర్చోబెట్టాలి, మరీ చిన్నవాళ్లైతే ఒళ్లో కూర్చోబెట్టుకోవాలి. తల కాస్త ముందుకు వంచాలి. బొటనవేలు, చూపుడువేలితో ముక్కు కింది సగాన్ని, అంటే మెత్తగా ఉండే భాగాన్ని, రెండువైపులా కలిపి గట్టిగా నొక్కాలి. చాలామంది పైన ఎముక దగ్గర పట్టుకుంటారు. అక్కడ ఎంతసేపు నొక్కినా లాభం లేదు, రక్తం వచ్చే చోటు అది కాదు. పిల్లల్ని నోటితో గాలి పీల్చుకోమనాలి. నోట్లోకి వచ్చిన రక్తాన్ని మింగకుండా ఉమ్మేయమనాలి. గడియారం చూసుకుని పది నిమిషాలు ఇలా ఉండాలి. మధ్యలో ‘ఆగిందేమో చూద్దాం’ అని వేళ్లు తీశారా, అప్పుడప్పుడే గడ్డకడుతున్న రక్తం చెదిరి కథ మళ్లీ మొదటికొస్తుంది. ఏడ్చే పిల్లాడితో పది నిమిషాలంటే మాటలు కాదు. కార్టూన్ పెట్టి ఫోన్ చేతికివ్వండి. ఈ ఒక్కసారికి ఎవరూ తప్పుపట్టరు.

మరి తల వెనక్కి వాలిస్తే ఏమవుతుంది? ముందుకు కారేది ఆగినట్టే కనిపిస్తుంది. ఈ చిట్కా తరతరాలుగా నిలిచింది అందుకే కావచ్చు. నిజానికి రక్తం ఆగదు, గొంతులోకి దిగుతుంది. అది కడుపులో చేరితే వికారం, ఎర్రగానో కాఫీరంగులోనో వాంతి. దాన్ని చూసి పెద్దవాళ్లు ఇంకా హడలిపోతారు. మర్నాడు మలం నల్లగా రావచ్చు, అదీ ఆ మింగిన రక్తమే. ఉల్లిపాయ వాసనతో నష్టమేమీ లేదు, ఆ కాసేపూ ముక్కు నొక్కి ఉంచితే చాలు. నిమ్మరసం, గరిక రసం, కొత్తిమీర రసం లాంటివి మాత్రం ముక్కులో పిండొద్దు. ఒరిసిన పొర మరింత మండుతుంది, పిల్లలకు పొలమారుతుంది.

రెండు ముక్కు రంధ్రాల మధ్య గోడ ఉంటుంది కదా. వేలు పెడితే తగిలే దాని ముందు భాగంలో నాలుగైదు ధమనుల కొసలు కలిసి సన్నటి వల అల్లుకుంటాయి. 1879లో అమెరికన్ సర్జన్ జేమ్స్ లిటిల్ ఈ చోటును వర్ణించారు. జర్మన్ వైద్యుడు కీసెల్‌బాక్ పేరుతోనూ దీన్ని పిలుస్తారు. పిల్లల్లో ముక్కు రక్తం చాలావరకూ ఇక్కడిదే. పైన ఉండే పొర పల్చన. గోరు గీరుకున్నా, గట్టిగా చీదినా, జలుబుకో అలర్జీకో వాచినా చిట్లుతుంది. మానేటప్పుడు పక్కు కడుతుంది, పక్కు దురద పెడుతుంది, వేలు మళ్లీ అటే వెళ్తుంది. రెండేళ్ల నుంచి పదేళ్ల లోపు పిల్లల్లో ఈ సమస్య ఎక్కువ కావడానికి సగం కారణం ఆ వేలే. పొద్దున్నే దిండు మీద మరకలుంటే, నిద్రలో చేసిన పని అయ్యుండొచ్చు. గోళ్లు కత్తిరించడం చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, మందులకంటే ముందు చేయాల్సింది అదే.

ఇక వేడి సంగతి. ‘ఒంట్లో వేడి చేసింది, మామిడిపండ్లు ఆపండి’ అంటారు బామ్మలు. ఎండాకాలంలో ఎక్కువవుతుందన్న వాళ్ల గమనింపును కొట్టిపారేయలేం. తప్పు మామిడిపండుది కాదు, పొడిగాలిది. రోహిణి కార్తె వడగాడ్పులకు ముక్కులోని తడి ఆరిపోయి పొర పగులుతుంది. రాత్రంతా ఏసీ వేసిన గదిలోనూ అంతే. అమెరికాలో ఉన్న మనవాళ్ల పిల్లలకు ఇదే బాధ మంచు కురిసే నెలల్లో వస్తుంది. అక్కడ ఇల్లంతా తిరిగే హీటర్ గాలి మన వేసవి చేసే పనే చేస్తుంది. ఎక్కడైనా ఉపాయం ఒకటే, ముక్కును తడిగా ఉంచడం. మందుల షాపుల్లో దొరికే సెలైన్ చుక్కలు రోజుకు రెండు మూడుసార్లు వేయొచ్చు. అలర్జీకి స్ప్రే వాడే పిల్లలైతే మధ్య గోడకు కొట్టకుండా చూడాలి. కుడిచేత్తో ఎడమ రంధ్రంలో, ఎడమచేత్తో కుడి రంధ్రంలో కొడితే మందు దానంతటదే పక్కకు వెళ్తుంది.

పది నిమిషాలకు ఆగకపోతే మరో పది నిమిషాలు నొక్కండి. అప్పటికీ కారుతుంటే ఆసుపత్రికి బయల్దేరాల్సిందే. దారిలోనూ ముక్కు వదలొద్దు. తలకు దెబ్బ తగిలాక రక్తం వచ్చినా, ధారలా కారుతున్నా, బిడ్డ పాలిపోయి సోలిపోతున్నా ఈ లెక్కలేవీ చూడకుండా వెళ్లాలి. రెండేళ్లలోపు పిల్లలకు ముక్కు రక్తం రావడం అరుదు, ఒక్కసారి వచ్చినా డాక్టరుకు చూపించాలి. వానాకాలం జ్వరంతో ఉన్న పిల్లలకు ముక్కు, చిగుళ్ల నుంచి రక్తం వస్తే డెంగీ ప్రమాద సూచన కావచ్చు. అలాంటప్పుడు ఐబూప్రొఫెన్, ఆస్పిరిన్ ఇవ్వకూడదు. ఒక్క రంధ్రం నుంచే చెడువాసనతో చీము, రక్తం వస్తుంటే లోపల పలకబలపం ముక్కో చింతగింజో ఇరుక్కుందేమో చూడాలి. బొత్తాం బ్యాటరీ అయితే కొన్ని గంటల్లోనే లోపల కాల్చేస్తుంది. ఎదిగే వయసు మగపిల్లాడికి ఒకవైపే ముక్కు మూసుకుపోయి, అటే పదేపదే రక్తం వస్తుంటే ఈఎన్‌టీ నిపుణులు గడ్డ ఉందేమో చూస్తారు.

మామూలుగా తరచూ వచ్చేదైతే కొన్నాళ్లు లోపల రాసే క్రీముతో తగ్గుతుంది. తగ్గకపోతే చిట్లే నాళాన్ని సిల్వర్ నైట్రేట్‌తో కాలుస్తారు. ఒకే రోజు రెండువైపులా కాల్చడానికి డాక్టర్లు వెనకాడతారు, మధ్య గోడకు చిల్లు పడుతుందని.

తరచూ వచ్చే పిల్లల విషయంలో డాక్టరు ఇంటి సంగతులూ అడుగుతారు. 1924లో ఫిన్లండ్ వైద్యుడు ఎరిక్ వాన్ విల్లెబ్రాండ్ దగ్గరికి ఆలాండ్ దీవుల నుంచి ఓ ఐదేళ్ల పాపను తీసుకొచ్చారు. ఆయన ఆ ఒక్క పాపతో ఆగలేదు, బంధువర్గంలో 66 మందిని ఆరా తీస్తే 23 మందికి రక్తం తొందరగా ఆగని లక్షణం బయటపడింది. 1926లో ఆయన రాసిన ఆ జబ్బుకే ఇప్పుడు ఆయన పేరుంది. వంశపారంపర్యంగా వచ్చే రక్తస్రావ జబ్బుల్లో ఎక్కువ మందిలో కనిపించేది ఇదే. ఆ పాప రజస్వల అయిన కొద్దికాలానికే నెలసరి రక్తస్రావంతో చనిపోయింది. ఇప్పుడు పరీక్షలున్నాయి, మందులున్నాయి. అందుకే పిల్లాడి ముక్కు చూపించడానికి వెళ్లిన తల్లిని డాక్టరు అడుగుతారు: ‘మీకు నెలసరిలో రక్తం ఎక్కువగా పోతుందా? పన్ను పీకించుకున్నప్పుడు, కాన్పప్పుడు ఇబ్బందైందా?’ ‘మా అమ్మకీ అంతేనండీ, మా ఇంట్లో అందరికీ మామూలే’ అంటుందావిడ. డాక్టరు రక్తపరీక్ష ఇద్దరికీ రాస్తారు.