పట్టిన కాలము

పాటకు రాగతాళము లెంత ముఖ్యమో కాలప్రమాణము నంత ముఖ్యము. ఎత్తుగడలో పట్టిన నడక తుదివరకు నిలువవలెను. రామచంద్రపురమున పిల్లలు చేయు భజనకైనను, మా స్టూడియోలోని కచేరీకైనను నియమ మొక్కటే.

ఆ నడకను పల్లవినిబట్టి నిర్ణయింపరాదు. చరణములో మిక్కిలి చిక్కైన పాదమును ముందుగా పాడి చూడవలెను. అచట మాట నలగక, ఊపిరి చాలు వేగమే పాటకు తగినది.

రెండవ కాలమనగా తాళమును తొందరపెట్టుట కాదు. దెబ్బ మారదు, దెబ్బకు పలుకు స్వరములు రెట్టింపగును.

నిమిషమునకు 60 దెబ్బలైనచో ఆదితాళావర్తము 8 సెకండ్లు. 80 అయినచో 6 సెకండ్లు. 40 ఆవర్తముల పాట మొదటి నడకలో 5 నిమిషముల 20 సెకండ్లు, రెండవ నడకలో 4 నిమిషములే.

కోనసీమలోని శంకరగుప్తమున 1930లో జన్మించిన బాలమురళీకృష్ణగారు విజయవాడ కేంద్రమున భక్తిరంజనికి రూపు దిద్దిరి. పలువురు గొంతు కలుపు భక్తిగానమున ఒక్కరు పరుగెత్తినను సాహిత్యము చెదరును.

చరణమును మరల రికార్డు చేయునపుడు మేము ముందటి పల్లవిని విని, చేత తాళము వేసి, ఆ నడకనే అందుకొందుము. లేనిచో అతుకు శ్రోతకు వినబడును. ఇంటిలో సాధన చేయువారును పాట ముగియగనే పల్లవిని మరల అందుకొని చూడవలెను. నడక మారినదో లేదో చేయియే చెప్పును.