యింజనులో మిగిలిన రజను

సేద్యము చేయువారికి మోటారుసైకిలు నేడు విలాసవస్తువు కాదు. పాలకేంద్రమునకు బిందెను, పొలమునకు ఎరువుబస్తాను, ఆసుపత్రికి రోగిని చేర్చునది అదియే. దాని యింజనులో నొక భాగము విరిగినపుడు చేయవలసిన పనిని గూర్చి మా స్వానుభవమును సభ్యుల యెదుట నుంచుచున్నాము. ఇందు మా తప్పిదము కూడ కలదు. దానిని దాచక వ్రాయుచున్నాము.

గడచిన సార్వా నాట్ల దినములలో మా బండి గేరుపెట్టెనుండి గరగరమను చప్పుడు వినవచ్చెను. కూలీలకు అన్నము చేరవేయు తొందరలో రెండు దినము లట్లే నడిపితిమి. మూడవనాడు గేరు పడక బండి నిలిచిపోయెను. విప్పి చూడగా ఒక బేరింగులో గుండ్లను వరుసగా పట్టియుంచు రేకు విరిగి తునియలై యుండెను. మేస్త్రి క్రొత్త బేరింగు వేసి, కంటికి కనబడిన ముక్కలను ఏరి, లోపలి భాగములను కిరసనాయిలుతో పైపైన కడిగి బిగించెను. త్వరగా నిమ్మని అతనిని వేగిరపెట్టినవారము మేమే.

పది దినములు గడవకమునుపే యింజను నడిదారిలో బిగుసుకొనిపోయెను. ఈసారి పాడైనది గేరుపెట్టె కాదు. పిస్టనును క్రాంకుతో కలుపు కడ్డీ మొదటనున్న బేరింగు. దానికి చమురు చేరవలసిన సన్నని రంధ్రము లోహపు బురదతో పూడిపోయి యుండెను. రెండవ మరమ్మతునకు మొదటిదానికి నాలుగింతలు సొమ్ము పట్టెను. నాట్లు ముగియువరకు బండి లేదు.

ఇట్లేల జరిగెనో చెప్పెదము. మన దేశమున 1985లో వెలువడిన హీరో హోండా సి.డి. 100 మొదలుకొని, మన గ్రామములలో విరివిగా తిరుగు నూరు సి.సి. తరగతి బండ్లలో యింజనుకును, గేర్లకును, క్లచ్చికిని చమురు ఒక్కటే. సుమారు ఒక లీటరు చమురు అన్నిటినడుమ నిరంతరము తిరుగుచుండును. కావున గేరుపెట్టెలో పుట్టిన రజను గేరుపెట్టెలోనే యుండదు. అడుగుననున్న జాలి పెద్ద ముక్కలను మాత్రమే ఆపును. సన్నని రజను జాలి దాటి, పంపు గుండా పైకి పోవును. అట్టి బండ్లు పెక్కింటిలో క్రాంకు చివర గుండ్రని గిన్నెవంటి వడపోత యొకటి కలదు. అది గిరగిర తిరుగునపుడు బరువైన రజను దాని గోడ కంటుకొని నిలుచును. ఆ గిన్నె నిండినచో అటుపై వచ్చు రజనును ఆపునది వేరే లేదు. మా బండికి మొదటి మరమ్మతులో ఆ గిన్నెను విప్పనేలేదు.

గట్టి రేణువొకటి బేరింగు గుండునకును, అది దొర్లు దారికిని నడుమ చిక్కినచో అచట చిన్న గుంట పడును. ఆ గుంట యంచు క్రమముగా పెచ్చులూడును. ఆ పెచ్చులే మరల క్రొత్త రజనగును. తుంగను కొడవలితో కోసి గడ్డను మడిలో విడిచినవాడు కలుపు తీసినవాడు కాడు. విరిగిన భాగమును మార్చి రజనును విడిచినవాడును అట్టివాడే.

కావున సభ్యులు గమనింపవలసిన క్రమ మిది. వింత చప్పుడు వినబడిన వెంటనే యింజను ఆపవలెను. పరీక్షకొరకైనను మరల నడుపరాదు. ప్రతి చుట్టును రజనును మరికొంత దూరము పంపును. బండిని త్రోసికొనియో, ట్రాలీమీద వేసికొనియో మేస్త్రికడకు చేర్చవలెను.

చమురును తెల్లని పళ్లెములోనికి పలుచని గుడ్డగుండా దింపి పరిశీలింపవలెను. అయస్కాంతమును ప్లాస్టిక్కు సంచిలో చుట్టి అందు త్రిప్పినచో ఉక్కు రజను సంచి కంటుకొనును. సంచిని తిరగవేసిన సులభముగా ఊడివచ్చును. అయస్కాంతమున కంటక తెల్లగా మెరయునది సాధారణముగా అల్యూమినియము. పసుపుగా మెరయునది కంచుజాతి లోహము. వ్రేళ్లనడుమ నలిపిన మెత్తగా నుండు నల్లని ముద్ద కొంచెముగా నున్నచో అది సహజమైన అరుగుదల. గరుకుగా తగులు పలుకులు కనబడినచో లోపల నేదో విరిగినదనియే తలంపవలెను.

పిమ్మట విరిగిన భాగపు ముక్కలను కాగితముమీద పరచి, పగిలిన కుండను కూర్చినట్లు కూర్చి చూడవలెను. ఒక్క ముక్క తక్కువైనను అది లోపలనే కలదు. అది దొరకువరకు యింజను బిగింపనీయరాదు.

బేరింగుగాని గేరుపల్లుగాని విరిగినపుడు పైనుండి కడుగుట చాలదు. యింజను పెట్టెను రెండుగా విప్పించి, జాలిని, తిరుగుడు గిన్నెను, చమురు పంపును విడివిడిగా కడిగింపవలెను. పంపులోపల గీతలు పడియున్నచో క్రొత్తది వేయవలెను. కడుగుటకు కిరసనాయిలుగాని డీజిలుగాని చాలును. పెట్రోలు నిప్పంటుకొను ప్రమాదము గలది. పీచు రాలు గుడ్డ వాడరాదు. చమురు దారులన్నిటిలో గాలియంత్రముతో రెండు కొనలనుండియు ఊదింపవలెను. కండ్లకు అద్దములు లేక ఈ పని చేయరాదు. ఒక కొనను పోసిన కిరసనాయిలు రెండవ కొనను ధారగా వచ్చిననే దారి శుభ్రమైనట్లు. రజను తగిలిన ఇతర బేరింగులను చేతితో త్రిప్పి చూచి, గరుకైనవానిని మార్పింపవలెను.

బిగించిన తరువాత తగిన తరగతి క్రొత్త చమురు పోసి, స్పార్కుప్లగ్గు తీసి, ముందుగా కిక్కు పలుమారులు కొట్టవలెను. అందువలన స్టార్టు చేయకమునుపే చమురు పైకి చేరును. మేము రెండవ మరమ్మతు తరువాత 50 కిలోమీటర్లకే ఆ చమురును దింపి చూచితిమి. కొన్ని పలుకు లప్పటికిని కనబడినవి. మరల మార్చి 300 కిలోమీటర్లకు చూడగా చమురు నిర్మలముగా నుండెను. రెండు డబ్బాల చమురు వెల మరియొక క్రాంకు వెలతో పోల్చిన స్వల్పము. దింపిన పాత చమురును కాలువలోగాని, బావిగట్టునగాని పోయక, డబ్బాలో నుంచి, పాత చమురు కొనువారికి ఈయవలెను.

గాలియంత్రము, కడుగుతొట్టి, మంచి అయస్కాంతము ప్రతి చిన్న మేస్త్రికడ నుండవు. మందుకొట్టు యంత్రములను ఉమ్మడిగా ఉంచుకొనగల సంఘము వీనిని కూడ ఉంచుకొనవచ్చును. రాబోవు సభ్యుల సమావేశమున ఈ విషయమును మేము ప్రస్తావింపనున్నాము.

ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టలేడని సామెత. యింజనులోని దొంగను మాత్రము తెల్లని పళ్లెము, అయస్కాంతము, ఒక్కపూట ఓపిక పట్టగలవు. ఆ ఓపిక మాకు మొదటిసారి లేకపోయెను. మన సభ్యులకు మొదటిసారియే కలుగుగాక యని కోరుచున్నాము.