పెట్రోలులో ఇథనాలు కలుపు చట్టములు: మొక్కజొన్న రైతునకు గలుగు లాభము

పంట విరివిగా పండిన యేట ధర పడిపోవుట రైతులందఱికిని అనుభవములోని విషయమే. గింజకు క్రొత్త గిరాకి యేర్పడినగాని యీ చిక్కు తీరదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఉత్తరపు సరిహద్దుననున్న మిన్నెసోటా రాష్ట్రము ఇందులకై చేసిన చట్టములును, వానివలన రైతులు పొందిన ఫలమును ఇందు వివరింపబడుచున్నవి.

మిన్నెసోటాలో మొక్కజొన్న ముఖ్యమైన పంట. 1980 మొదలుకొని కొన్ని సంవత్సరములపాటు ధరలు తగ్గి, అప్పులు పెరిగి, పెక్కురు రైతులు భూములు పోగొట్టుకొనిరి. అప్పుడు ఇథనాలు అను ఆల్కహాలు తయారీపై దృష్టి మరలెను. గింజలను పిండిచేసి నీటితో ఉడికించి, పిండిపదార్థమును చక్కెరగా మార్చి, ఈస్టుతో పులియబెట్టి, కాచి, ఆవిరిని చల్లార్చినచో ఇథనాలు లభించును. అందలి నీటిని తీసివేసిన పిదప పెట్రోలులో కలుపుదురు. ఒక బుషెలు, అనగా ఇంచుమించు 25 కిలోల గింజలనుండి సుమారు 10 లీటర్ల ఇథనాలును, 7 కిలోలకు పైగా పిప్పియు వచ్చును. మాంసకృత్తులు పిప్పిలోనే నిలిచియుండును గనుక అది పశువులకు మంచి దాణా యగును.

రాష్ట్ర ప్రభుత్వము రెండు విధముల సాయము చేసెను.

మొదటిది గిరాకి కల్పించుట. మోటారు పొగలోని విషవాయువును తగ్గించుటకై 1990లో కేంద్ర ప్రభుత్వము చేసిన చట్టము ననుసరించి, మిన్నియాపొలిస్, సెయింట్ పాల్ నగర ప్రాంతమున 1992 నుండి శీతకాలములో ప్రాణవాయువు అధికముగా గల పెట్రోలునే అమ్మవలసివచ్చెను. 1997 నుండి రాష్ట్రమంతటను, సంవత్సరము పొడవునను ఈ నిబంధన అమలు జరిగెను. అందుచే నూటికి 10 పాళ్లు ఇథనాలు కలుపుట వాడుకయయ్యెను.

రెండవది ఉత్పత్తిదారులకు ధనసహాయము. రాష్ట్రములో తయారైన ఇథనాలుకు గాలనుకు 20 సెంట్ల చొప్పున ఇచ్చిరి. గాలను 3.8 లీటర్లకు సమానము. ఒక్కొక్క ఫ్యాక్టరీకి ఏటికి 30 లక్షల డాలర్లకు మించి ఇయ్యలేదు. ఈ హద్దువలన చిన్న ఫ్యాక్టరీలకు మేలు కలిగెను.

రైతులు సహకార సంఘములుగా జేరి, వాటాలు కొని, తమ ఫ్యాక్టరీలను తామే కట్టుకొనిరి. 1996లో బెన్సన్ పట్టణమున వెలసినది అట్టిదే. ప్రతి వాటాకును ఇంత గింజ తెచ్చి యియ్యవలెనను కట్టుబాటు గలదు. గింజ ధర పెరిగినప్పుడు ఫ్యాక్టరీ లాభము తగ్గును. ధర పడినప్పుడు లాభము పెరుగును. వాటా గల రైతునకు ఒకచోటి నష్టము మఱియొకచోట కొంత పూడును. వాటా లేని రైతునకు గింజ ధర ఒక్కటియే దక్కును.

అయినను చట్టమును మాత్రమే నమ్ముకొనుట క్షేమము కాదు. 2003లో ప్రభుత్వ ఆదాయము చాలక సహాయమును గాలనుకు 13 సెంట్లకు తగ్గించిరి. ఇథనాలు పాలును 20కి పెంచుటకు 2005లో చట్టము చేసినను, కేంద్రానుమతి లభింపక అది ఆచరణలోనికి రాలేదు. మఱియు ఇథనాలుకు పెట్రోలులో మూడింట రెండు వంతుల శక్తి మాత్రమే కలదు గనుక వాహనము నడచు దూరము కొంత తగ్గును.

భారతదేశమున 2003లో ఆంధ్రప్రదేశ్‌తో సహా 9 రాష్ట్రములలో నూటికి 5 పాళ్లు కలుపుట మొదలయ్యెను. 2025 నాటికి దేశములో ఈ పాలు 20కి చేరెను. మొక్కజొన్నయు ఇందులకు వినియోగపడుచున్నది. కావున రైతులు ఈ క్రింది విషయములు గమనింపవలెను.

1. ఇథనాలు గిరాకిని మాత్రమే నమ్మి పొలమంతయు ఒకే పంట వేయరాదు.

2. గింజను బాగుగా ఎండబెట్టి అమ్మవలెను. తడి గింజకు బూజు పట్టి ధర తగ్గును.

3. ఫ్యాక్టరీతో ఒడంబడిక చేసికొనునప్పుడు ధర, తూకము, సొమ్ము చెల్లించు గడువు వ్రాతమూలముగా నుండవలెను.

4. సంఘముగా జేరి అమ్మినచో బేరమునందు బలము కలుగును. వాటాకు అవకాశమున్నచో లెక్కలు చూచుకొని చేరవలెను.

చట్టము గిరాకిని కల్పింపగలదు. ఆ గిరాకివలని లాభము ఎవరికి చేరునో నిర్ణయించునది రైతుల ఐకమత్యమే.